ఖాదరు పట్టులో పురుగు

కరోనా పీడ తగ్గి, పెళ్లిళ్లు మళ్లీ ఘనంగా జరగడం మొదలైన ఏడు అది. ధర్మవరంలో మాది పట్టుచీరల వ్యాపారం. మగ్గాలవాళ్లకు పట్టు, జరీ మేమిస్తాం. వాళ్లు నేసిచ్చిన చీరలు మేం అమ్ముతాం. నేను చదివింది రెండో తరగతి. పట్టును వేళ్ల మధ్య నలిపి దాని గుణం చెప్పగలను గానీ, మా కోడలు లలిత పెట్టించిన కంప్యూటరు గుణం మాత్రం నాకు అంతుబట్టేది కాదు.

దాన్ని మెయిల్ సర్వర్ అంటారు. మా షాపు పేరున వచ్చే ఉత్తరాలన్నీ ముందు దాంట్లో దిగి, అక్కడి నుంచి మా ఫోన్లకు వస్తాయి. మా సొంత పోస్టాఫీసు అనుకోండి. రాత్రింబవళ్లు కరెంటు తాగుతుంది. మనుషులు లేని గదిలో దానికోసం ఫ్యాను తిరుగుతుంటే నా కడుపు మండేది. దానికి కాపలాగా యాంటీవైరస్ పెట్టాడు శీనప్ప. అతనిది పెనుకొండ, రైల్లో వచ్చి మా కంప్యూటర్లు చూసి పోతుంటాడు. పాడు ఫైళ్లు మోసుకొచ్చే ఉత్తరాలను ఈ యాంటీవైరస్ గడప దగ్గరే పట్టి పారేస్తుంది. పారేసిన ప్రతిసారీ ఒక అలర్ట్, అంటే హెచ్చరిక మెసేజి, పంపుతుంది.

ఆ అలర్టులతో ప్రాణం విసిగింది. లలిత ఫోను, గుమాస్తా ఫోను, నా ఫోను ఒకేసారి మోగేవి. నాకు అనుమానం పుట్టింది. వీధిలో గూర్ఖా ఈల ఎందుకు వేస్తాడు? దొంగ వచ్చాడని కాదు, తాను మేలుకునే ఉన్నానని మనకు తెలియాలని.

"ఏమప్పా శీనప్పా, నిజంగా ఇన్ని దొంగ జాబులు వస్తాండాయా, నీ పని చూపించుకునేదానికి మోగిస్తాండావా?" అని అడిగేశాను.

"అయ్యో అవ్వా! ఇంగ్లీషైతే అర్థం కాదు, తెలుగులో పెట్టమంటివి, పెడితిని. ఇప్పుడు చదవను వస్తాంది కాబట్టి ఎక్కువనిపిస్తాంది" అని నవ్వాడు. నవ్వి తప్పించుకునేవాళ్లను నేను తొందరగా నమ్మను.

అంతలో హిందూపురం నుంచి పట్టు రావడం ఆగిపోయింది. అక్కడ ఖాదరు రీలర్, అంటే పట్టుగూళ్లు కొని దారం తీసేవాడు. మా పేకకు, అంటే చీరకు అడ్డంగా నేసే దారానికి, కావలసిన పట్టంతా ఎన్నో ఏళ్లుగా అతనిదే. ఫోను చేస్తే ఎత్తడు. మా దగ్గర నేసే లక్ష్మక్క మగ్గం మీద ఒక పెళ్లికూతురి చీర సగంలో ఆగింది. ముహూర్తం దగ్గర పడుతోంది.

"పడుగుండాది, పేక లేదు. మగ్గం ఆడకపోతే మా పొయ్యి యాడ మండుతాదవ్వా?" అని ఆమె గడపలో నిలబడింది.

ఖాదరుకు మరో వ్యాపారి దొరికాడా? లేక మా ఉత్తరాలన్నీ తన చేతిలో ఉన్న శీనప్ప, మా ధరలు ఎవరికైనా చేరవేశాడా? ఎవరికీ చెప్పకుండా పొద్దున రైలెక్కి హిందూపురం పోయాను.

ఉడుకుతున్న గూళ్ల వాసన మధ్య ఖాదరు కూర్చోమని కూడా అనలేదు.

"ఏమప్పా, వేరే బేరం కుదిరిందా?"

"బేరం మాట నువ్వెత్తద్దవ్వా. నా పట్టులో పురుగుండాదని రాసి పంపిస్తివి. ఇంక నాతో నీకేం పని?"

ఫోను నా ముఖం ముందు పెట్టాడు. మా షాపు పేరుతో, ఒకదాని కింద ఒకటి, అవే మాటలు: 'మీరు పంపిన దానిలో పురుగు ఉన్నది. లోనికి రానివ్వలేదు.' ఆ చివరి మాట మా ఫోన్లకొచ్చే అలర్టుల్లోదే.

"పురుగును ఉడకబెట్టినాకనే కదా మేము దారం తీసేది! నా సరుకులో పురుగంటే ఏమర్థం? కుళ్లిన గూళ్లు కలిపినాననే కదా? గూళ్ల మార్కెట్టులో ఉండంగా వచ్చె, పక్కనోడు పైకి చదివె. టీ అంగడి కాడ అందరూ నవ్వుతాండారు."

"అది పట్టు మాట కాదప్పా, నువ్వు పంపిన మెయిల్ మాట."

"నేను నీకు మెయిల్ పంపి ఎన్ని నెలలాయె? ఏమున్నా ఫోనే కదా చేసేది!"

తిరుగు రైల్లో పెనుకొండలో దిగి, నేరుగా శీనప్ప అంగడికి పోయాను.

"ఖాదరు పంపలేదంటాడు. పంపినాడని నీ మిషను అంటాది. ఇద్దరిలో అబద్ధాలకోరు ఎవురు?"

ఈసారి అతను నవ్వలేదు. "మూడోవాడవ్వా, వైరస్. అది దూరిన కంప్యూటరులో ఎవురి అడ్రసు దొరికితే వాళ్ల పేరు పెట్టుకొని జాబులు పంపుతాది. కవరు మీద పంపినోళ్ల పేరు ఎవురిదైనా రాయచ్చు కదా. మన యాంటీవైరస్ ఆ పేరు నమ్మి, ఆయనకే తిరిగి అలర్టు కొట్టె."

"మరి పురుగేందప్పా?"

"కరోనా కాన్నుంచి వైరస్ అంటేనే జనం జడుస్తాండారని, దాని బదులు పురుగని రాస్తి."

"పట్టు వ్యాపారంలో ఆ మాట రాస్తివి! నీ నోట్లో మన్ను పడ!"

అక్కడి నుంచే మా సర్వర్ తెరిచి చూపించాడు. అలర్టు ఎవరికి పోవాలో చెప్పే చోట మూడు టిక్కులున్నాయి: పంపినవారికి, అందుకునేవారికి, అడ్మిన్‌కు. అడ్మిన్ అంటే సర్వర్ చూసుకునే శీనప్పే. మొదటి టిక్కు యాంటీవైరస్‌తోపాటే వచ్చిందట, ఇతను తీయలేదు. ఇప్పుడు తీసేశాడు. రెండోది, మంచి ఉత్తరంలోంచి ఏదైనా ఫైలు తీసేసినప్పుడు మాత్రమే పోయేలా మార్చాడు. అప్పుడైతే మేం ఫోను చేసి మళ్లీ అడగొచ్చు. మిగతావన్నీ రోజుకొక్క రిపోర్టుగా అడ్మిన్‌కు.

"మోగకుంటే నువ్వు కాపలా కాస్తాండావని నాకెట్ల తెలిసేది?"

హాని చేయని ఉత్తుత్తి వైరస్ ఫైలు ఒకటుంటుందట, పరీక్షకు. దాన్ని మా షాపుకు పంపించాడు. నా ఫోను పలకలేదు. లలితకు ఫోను చేసి అడిగితే తనదీ మోగలేదంది. శీనప్ప తెర మీద మాత్రం పట్టినట్టు పడింది. నా ఎదుట ఇంకోసారి చేయించాను.

మరునాడు శీనప్పను వెంటబెట్టుకుని మళ్లీ హిందూపురం పోయాను. వైరస్ కథంతా విని ఖాదరు అన్నాడు: "నాకైతే అర్థమాయెలే అవ్వా. నవ్వినోళ్లకు ఎట్ల అర్థమవుతాది?"

అదీ నిజమే. టీ అంగడి ముందు నిలబడి గట్టిగా చెప్పాను: "అందరూ వినండప్పా! ఖాదరు పట్టులో పురుగు లేదు. ఆ మాట రాసినోని బుర్రలో ఉండాది. ఇంగో, వీడే!"

శీనప్ప తల దించుకున్నాడు. జనం నవ్వారు, ఈసారి ఖాదరూ నవ్వాడు. సాయంత్రానికి పట్టు బయల్దేరింది. ముహూర్తానికి ముందే లక్ష్మక్క చీర నేసి, మగ్గం మీంచి కోసిచ్చింది.

ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు తెలియని సంగతి ఒకటి అప్పుడు తెలిసింది. హెచ్చరిక అనేది తప్పును సరిచేయగలిగినవాడికే చేరాలి. సంబంధం లేనివాడికి చేరితే అది నింద. ఊరందరికీ చేరితే చాటింపు. శీనప్ప వస్తే ఇప్పటికీ పక్కన కూర్చుని రిపోర్టు చదివించుకుంటాను. నా అనుమానాలకు కూడా అడ్మిన్ అతనొక్కడే.