ముందు అడిగావా?

మా ఇసిమేలి గారికి ఒకటే జబ్బు. ఎవరు ఏది ముట్టుకున్నా, ఏది కొలిచినా "అడిగావా?" అని మండిపడేవారు. ఫిజీ రాజధాని సూవాలో ఇంజనీరింగు పిల్లలకి పరిశోధన ఎలా చెయ్యాలో, ఎలా చెయ్యకూడదో ఆయన పాఠం చెప్పేవారు. మా గదిలో ఆయన ఎదుటి బల్ల నాది. ఆ మంటలో ఎక్కువ కాలింది నేనే.

ఒకసారి వంతెన మీద లారీలు లెక్కపెట్టమని పిల్లల్ని పంపాను. ఈయన గొడుగు ఊపుకుంటూ వచ్చిపడ్డారు.

"వినేష్! అడిగావా?"

"ఎవర్నండీ? వంతెననా?"

"వంతెన పక్కన కసావా దుంపలు అమ్ముకునే ఆవిడని! నీ పిల్లలు కాగితాలు పట్టుకు నిలబడితే మున్సిపాలిటీ వాళ్ళనుకుని పారిపోయింది. ఆ బేరం నువ్విస్తావా?"

ఆవిడ గంపంతా నేనే కొన్నాను. ఆ వారమంతా మా లాబులో కసావాయే భోజనం.

చివరి రోజుల్లో ఆస్పత్రిలోనూ అంతే. నర్సు చెయ్యి పట్టుకోగానే కళ్ళు తెరిచి "అడిగావా?" అన్నారు.

"అడిగాను సార్. మీరు నిద్రపోతున్నారు."

"అయితే లేచేదాకా ఆగాలి!"

ఇక ఉనైసీ సంగతి. ఆఖరి సంవత్సరం పిల్ల. నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది, పట్టా రావడమే తరువాయి. అందరి ముందూ తన ప్రాజెక్టు వినిపిస్తూ, ఫలానా ఊరి ఊటనీళ్ళలో రోగక్రిములున్నాయని ఊరి పేరుతో సహా గోడమీద పెద్ద అక్షరాల్లో వేసి చూపించింది.

"అడిగావా?"

"మా అమ్మ పుట్టినూరే సార్. నేను మేనకోడల్ని. మామయ్య పందిని తోలుకుపోయినా నన్నెవరూ ఏమనరు."

"తోలుకుపో! పందినీ, చాపల్నీ, తలుపుల్నీ పట్టుకుపో! అది మన ఆచారమే. మామయ్య ఇంటి నీళ్ళు పాడైపోయాయని గోడకెక్కించమని ఏ ఆచారం చెప్పింది?"

ఊరు ఒప్పుకునేదాకా ప్రాజెక్టు చెల్లదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఫలితం నిజమే కదండీ! పిల్ల బతుకు పాడుచేస్తారా?"

"నిజమైతే మాత్రం అడక్కుండా ఎత్తుకొచ్చేస్తామా?"

ఈలోగా కబురు ఊరికి చేరనే చేరింది. ఊరిపెద్దే ఆ మామయ్య. "దాన్ని మా గడప తొక్కొద్దనండి" అని చెప్పి పంపాడు. ఉనైసీ ఏడుస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున్నే ఇసిమేలి గారు పెద్దల్ని క్షమాపణ కోరేటప్పుడు కానుకగా పెట్టే యంగోనా వేళ్ళ కట్ట చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. కారు ఇవ్వగలనా అని నన్ను అడిగారు. పెట్రోలు ఉందా అని అడిగారు. మా ఆవిణ్ణి కూడా అడిగారు. వస్తావా అని ఉనైసీని అడిగి, వెనక సీట్లో ఎక్కించుకున్నారు.

ఊళ్ళో మామయ్య ముందు, చాపమీద ఆ కట్ట పెట్టి తల వంచుకుని కూర్చున్నారు.

"పిల్ల తప్పేం లేదు. అడిగి తీసుకోవాలని నేనే నేర్పలేదు."

నాకు పొలమారింది. ఈయన ఇంకేదైనా నేర్పితే కదా!

"నువ్వు నేర్పలేదా?" అన్నాడు మామయ్య. "సూవా సంతలో నీ అరుపులు మేమూ విన్నాం లేవయ్యా!"

చాలాసేపు కట్ట వంక చూశాడు. చివరికి చెయ్యి చాచి అందుకున్నాడు, అంటే మన్నించినట్టే. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఊరి పేరు తీసెయ్యవే" అన్నాడు గడప బయట నిలబడ్డ మేనకోడలితో. "ఊట ఎలా బాగుచెయ్యాలో ముందు మాకు చెప్పు. ఆ తర్వాత మీ గోడమీద రాసుకో."

వానలో తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి ఉనైసీ నెమ్మదిగా అంది.

"తప్పు నాది కదా సార్. మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"నోర్ముయ్! నాకు నచ్చింది, తీసుకున్నా..."

అక్కడే ఆగిపోయారు. కారు ఆపమని నన్ను అడిగి, వెనక్కి తిరిగారు.

"ఉనైసీ, నీ తప్పు నేను తీసేసుకున్నాను. నిన్ను అడగలేదు కదూ?"

"లేదు సార్."

"ఇప్పుడు అడుగుతున్నా. తీసుకోవచ్చా?"

"ఆలోచించుకుని చెప్తాను సార్" అంది ఆ పిల్ల, నవ్వు బిగబట్టుకుని.

ఆమె సరే అనేదాకా, ఆ వానలో, నా కారును అంగుళం కదలనివ్వలేదు మహానుభావుడు.