గాదీ మీద కుడికాలు

మా బట్టల దుకాణంలో కుర్చీ లేదు. నాందేడ్ బజారులో అందరూ అద్దాల కౌంటర్లు పెట్టుకున్నా, మేం మాత్రం తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీదే వ్యాపారం చేస్తున్నాం. దాన్ని గాదీ అంటాం. నాన్న తర్వాత దాని మీద మూల దిండు నాదయింది. కుడికాలు కింద, ఎడమకాలు పైన పెట్టి మఠం వేసుకుని కూర్చున్నానంటే మళ్లీ మధ్యాహ్నం భోజనానికే లేవడం. అలా ముప్ఫై ఏళ్లు కూర్చున్నాను.

రెండేళ్ల కిందట తమ్ముడు కౌంటరు, కుర్చీలు పెడదామన్నాడు. నేను బంధువులందరి ముందూ ఇంతెత్తున లేచాను. "ఈ దుకాణంల కుర్చీ ఏసిన్నాడు నేను గడప దిగి పోత" అన్నాను. వాడు అప్పటికే కొని తెచ్చిన ఒక కుర్చీ, కవరు కూడా విప్పకుండానే వెనక గదిలో మూటల చాటుకు పోయింది. ఆ మాట అన్నందుకు చాలా రోజులు నా మీద నాకే గౌరవంగా ఉండేది.

ఈ ఏడాది షుగరు వచ్చి, పథ్యంతో బాగా చిక్కిపోయాను. ఒక మధ్యాహ్నం గాదీ దిగి అడుగు వేయబోతే కుడిపాదం లేవలేదు. తిమ్మిరి అనుకుని పది నిమిషాలు రుద్దాను. లేవలేదు. మడమ ఆనగానే ముందుపాదం టప్పుమని నేల మీద పడుతోంది. మెట్టు ఎక్కాలంటే మోకాలు పొట్ట దాకా ఎత్తాల్సి వచ్చింది.

డాక్టరు కాలికి తీగలు తగిలించి కరెంటుతో పరీక్ష చేశాడు. మోకాలి కింద బయటివైపున్న ఎముకను వేలితో నొక్కి చూపించాడు. పాదాన్ని పైకెత్తే నరం అక్కడ చర్మం కిందనుంచే పోతుందట. కండ కరిగిన కాలిని గంటల తరబడి నేలకు అదిమి, ఆ నరాన్ని నేనే నలిపేశానట. "మాండీ ఘాలూన్ బసూ నకా" అన్నాడు మరాఠీలో, మఠం వేసి కూర్చోవద్దని. నరం ఇంకా చావలేదు, ఒత్తిడి తీసేస్తే కొన్ని నెలల్లో కోలుకోవచ్చు, ఇలాగే కూర్చుంటే మాత్రం పాదం ఇక లేవదన్నాడు. కుర్చీలో కూర్చోండి, అంతే అన్నాడు. అంతేనట. ఆయనకేం, బాగానే చెప్పాడు.

మర్నాడు వెళ్లి గాదీ మీదే కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. కాలు చాపితే కొనవచ్చిన గిరాకీ ముఖానికి పాదం చూపినట్టుంటుంది. కుర్చీ అడిగితే ఆనాడు నేనన్న మాట నేనే మింగాలి. కూర్చున్న ప్రతి గంటా నరం చచ్చిపోతోందని తెలుసు, భయంతో చెమట పట్టేది, అయినా లేవలేకపోయేవాణ్ని. నన్ను ఆ మూల దిండుకు కట్టేసింది ఇంకెవరో అయితే కనీసం తిట్టుకునేవాణ్ని.

చెప్పులు జారిపోతున్నాయని వెనక పట్టీ ఉన్నవి కొన్నాను, చెప్పుల్లేకుండా తిరిగే దుకాణంలో అవీ పనికిరాలేదు. కింద షాబాదు బండలు, పాదం చప్పుడు వీధి దాకా వినిపించేది. అందుకని నలుగురు గిరాకీల సందడి ఉన్నప్పుడే లేచేవాణ్ని. దానికి తోడు తమ్ముడితో కొత్త తంటా మొదలైంది. నేను లేచానంటే చాలు, బట్ట తానులు తీసి గాదీ మీద దబదబా పడేసేవాడు. కుర్చీ కోపం ఇంకా తీరలేదనుకున్నాను. నాకు ఒళ్లు మండేది.

"ఎందుకురా గంత చప్పుడు?"

"దుమ్ము దులుపుతున్న అన్నా."

నాన్న కాలం నుంచీ కర్ఖేలి ఊరి నుంచి మా దగ్గరికే వచ్చే ఒక అవ్వ, మొన్నొక మధ్యాహ్నం చీర కోసం వచ్చింది. దుకాణంలో ఇంకెవరూ లేరు. దాహమై, తప్పక లేచాను. నా పాదం టప్పుమంది, అదే క్షణాన వెనక ఒక తాను దబ్బుమంది. నాలుగు అడుగులు, నాలుగు తానులు.

"నేను చీరె అడిగితె అంగి బట్టలు ఏస్తున్నవేంది కొడుకా?" అంది అవ్వ.

నేను ఆగి వెనక్కి తిరిగాను. తమ్ముడు ఐదో తాను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. వాడి చూపు నా పాదం మీద ఉంది. నేను అడుగు వేయలేదు, వాడు తాను వేయలేదు. నా అడుగు కోసం ఆగి ఉన్నాడు.

"ఎప్పటిసంది ఎరుకరా నీకు?" అన్నాను.

"మొదటి దినంసంది అన్నా."

గోడ పట్టుకున్నాను. "ఆ కుర్చీ తీస్కరా పో" అన్నాను.

వాడు తానును చప్పుడు కాకుండా కింద పెట్టి వెనక గదిలోకి వెళ్లాడు. వెతకాల్సిన పని లేకుండా వెంటనే వచ్చేశాడు. కుర్చీకి కవరు లేదు. దుమ్ము కూడా లేదు.