నీలం అద్దాల మెట్లు

ఇరవై ఆరేళ్ళుగా ఆ కొండ ఊరికి టూరిస్టు బస్సు నడుపుతున్న మన డ్రైవరు, అక్కడి రాజమహలు గడప ఒక్కసారి కూడా తొక్కలేదంటే ఎవరైనా నమ్ముతారా? అయినా అదే నిజం. పొద్దున తొమ్మిదింటికి జనాన్ని గేటు దగ్గర దింపాలి. కింద పార్కింగులో, వాలులో బండి ఆపి చక్రాలకు రాళ్ళు పెట్టాలి. వెనకొచ్చే బస్సుకు దారివ్వమని పార్కింగువాడు ఎప్పుడు ఈల వేస్తాడో తెలియదు కాబట్టి సాయంత్రం నాలుగింటిదాకా అక్కడే పడి ఉండాలి. చెట్ల పైనుంచి మహలు బురుజు కొన మాత్రం కనిపించేది. దాన్ని చూస్తూ క్యారియరు ఖాళీ చేసేవాడు.

పెళ్ళయిన కొత్తలో భార్య అడిగింది, "లోపల ఏముంటుందయ్యా?" అని.

చూడలేదని చెప్పడానికి మహానుభావుడికి నామోషీ. ప్రయాణికుల దగ్గర చెవిన పడ్డవి నాలుగు ముక్కలు చెప్పాడు. అవి చాలవనిపించి, నీలం అద్దాలతో కట్టిన మెట్లున్నాయనీ, ఎక్కుతుంటే ఆకాశం మీద కాలు పెట్టినట్టుంటుందనీ కోతలు కోశాడు. ఆ మెట్ల గురించి ఏ ప్రయాణికుడూ చెప్పలేదు. అది అచ్చంగా ఆయన సొంత సరుకు! ఆమె నోరు తెరుచుకుని వింది. ఇంకేముంది, ఏటేటా ఆ మెట్లకు మెరుగులు దిద్దుతూ పోయాడు. ఒక ఏడు పన్నెండు మెట్లన్నాడు. ఇంకో ఏడు, పై మెట్టు మీద సన్నటి పగులుందన్నాడు. ఆమె జాకెట్లు కుట్టుకుంటూ, కొలతలకొచ్చిన ఆడవాళ్ళందరికీ తాను చూసొచ్చినట్టే చెప్పేది.

"నన్నెప్పుడు తీసుకెళ్తావు?" అంటే "వచ్చే సీజనుకి" అనేవాడు. సీజనులో సీటు దొరకదు, సీజను కాకపోతే బస్సే కొండెక్కదు. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం, ఆమె వస్తే మెట్ల బండారం బయటపడుతుందనే భయం. అలా ఇరవై ఆరు సీజన్లు దొర్లిపోయాయి.

రెండేళ్ళ కిందట ఆమె సూదిలో దారం ఎక్కించలేక విసుక్కోవడం మొదలుపెట్టింది. నీటికాసులన్నాడు కళ్ళ డాక్టరు. పోయిన చూపు పోయినట్టేననీ, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడు. ఈ మధ్య కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. "బాగానే కనిపిస్తోందిలే, ఓపిక లేక మానేశా" అంది. డ్రైవరు నమ్మాడు. నమ్మకపోతే ఎలా బతకడం?

ఉన్న కాస్త చూపు ఆరిపోకముందే ఆమెకు మహలు చూపించాలి. మెట్లు లేవని తెలిస్తే తిడుతుంది, తిట్టనీ. ఓనరు కాళ్ళావేళ్ళా పడి ముందు సీటు సంపాదించాడు. బండి కాపలాకు ఇంకో డ్రైవరును ఒప్పించుకున్నాడు. తనూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్దామనుకున్నాడు పాపం.

గేటు దగ్గర జనం ఇంకా దిగుతూనే ఉన్నారు, ఈల వినిపించింది. కాపలా ఉంటానన్న డ్రైవరును అతని బస్సుతో సహా కింది మైదానానికి తరిమేశాడు పార్కింగువాడు. మనవాడు వాడి ఏడు తరాలనూ తిట్టుకున్నాడు. తిట్టి ఏం లాభం? బస్సులోంచి దిగుతున్న ఒక టీచరమ్మను బతిమాలి భార్య చెయ్యి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వు రావా?" అంది భార్య.

"నేను చూసిందేగా. నువ్వెళ్ళి కళ్ళారా చూసి రా."

రోజంతా స్టీరింగు ముందు కూర్చుని క్షమాపణ వల్లె వేసుకున్నాడు. అబద్ధాలకోరువని ఆమె ఎగిరిపడుతుంది, తనేమో చెవులు పట్టుకుంటాడు. అంతేగా. తలుచుకుంటే నవ్వు కూడా వచ్చింది.

నాలుగింటికి ఆమె టీచరమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"అబ్బ! అచ్చం నువ్వు చెప్పినట్టే ఉన్నాయయ్యా మెట్లు! పన్నెండూ లెక్కపెట్టా. పై మెట్టు మీద ఆ పగులు కూడా చూశా."

డ్రైవరు తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. పడమటి ఎండ అద్దంలోంచి తిన్నగా ఆమె కళ్ళల్లో పడుతోంది. తనకే కళ్ళు చికిలించాల్సి వస్తోంది. ఆమె రెప్పయినా వాల్చలేదు.

ఎప్పుడు పోయిందో ఆ చూపు! నెలయిందో, ఆరు నెలలయిందో. మొగుడి సరదా పాడవకూడదని మొహాన నవ్వు పులుముకుని కొండెక్కింది పిచ్చిది. మెట్లూ లేవు, ఏమీ లేవు, నేనసలు లోపలికే పోలేదే అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళలో ఆమెకు దక్కిన మహలల్లా ఆ పన్నెండు మెట్లే. వాటిని కూడా లాక్కుంటే ఇంకేం మిగులుతుంది ఆమెకు?

"పగులు పెద్దదైందా?" అన్నాడు.

"లేదులే, అంతే ఉంది."

దిగి, చక్రాల కింద రాళ్ళు తీశాడు. మళ్ళీ ఎక్కి బండి కదిలించాడు. ఘాట్ రోడ్డు మొదలైంది. రెండు మలుపులు తిరిగేసరికి ఆమె కిటికీ పక్కన లోయ నిట్టనిలువుగా తెరుచుకుంది, అడుగున నది దారప్పోగులా కనిపిస్తోంది.

"ఏమయ్యా, లోయ వచ్చే ముందు చెప్పు. నాకు భయం, కళ్ళు మూసుకుంటా" అంది ఆమె, కిటికీలోంచి బయటికే చూస్తూ.

"చెప్తాలే. ఇంకా రాలేదు" అన్నాడు డ్రైవరు.