మూయొద్దన్నాను, ఎందుకో చెప్పలేదు

2010 జనవరి. తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉంది. కోరుట్లలో నా మెకానిక్ షెడ్డు బంద్ లేని రోజుల్లోనే తెరిచేవాణ్ణి. అంతకుముందు తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో, నలుగురు కూర్చునే చిన్న విమానాల హ్యాంగర్‌లో పనిచేశాను. ఎడారి మీదైనా పైకెగిరితే చలే. అందుకే ఆ విమానాల్లో హీటర్ ఉంటుంది. ఇంజన్ పొగ బయటికి పోయే మఫ్లర్ బాగా కాగుతుంది. దాని చుట్టూ ఒక రేకు తొడుగు, దాన్ని ష్రౌడ్ అంటాం. బయటి గాలి ఆ తొడుగులోంచి వెళ్లి వెచ్చబడి క్యాబిన్‌లోకి వస్తుంది. మఫ్లర్‌కు వెంట్రుకంత సన్నని పగులు వచ్చినా ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ కలుస్తుంది. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. హీటర్ వేస్తే తాజా గాలి వచ్చే వెంట్ కూడా తెరిచి ఉంచాలని పైలట్లకు మొదట్లోనే చెప్తారు. మేమైతే మఫ్లర్ విప్పి చూసి సంతకం పెట్టందే విమానం వదలం.

రుద్రంగి ఊళ్లో ఉండే గంగాధర్‌కు ఒక పాత వ్యాన్ ఉండేది. బస్సులు ఆగిన రోజుల్లో రోగులను కోరుట్లకు, జగిత్యాలకు తీసుకెళ్లేవాడు.

"అన్నా, ఎనుక కూసున్నోళ్లు సలికి వణుకుతున్నరు. ఇమానంల పెట్టినట్టు నా బండికి గూడ పెట్టరాదు?" అన్నాడు.

సంబరపడిపోయాను. ఊరికొచ్చాక నా విమానం పనితనం అడిగిన మొదటి మనిషి వాడే. రెండు రోజుల్లో రేకు వంచి మఫ్లర్ చుట్టూ తొడుగు చేసి, పైపు వెనక సీట్లదాకా లాగాను. టాపుకు వెంట్ కోసి, "గిది ఎప్పుడు మూయకు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే భయపడి పీకెయ్యమంటాడనుకున్నాను. నా పని నాకంత ముద్దు.

పది రోజులకు, రాస్తారోకో జరుగుతున్న ఒక పొద్దున, ఆ బండి బడబడమని చప్పుడు చేస్తూ షెడ్డు ముందు ఆగింది.

"రుద్రంగి దాటంగనే రోడ్డు మీద పెట్టిన బండ కింద తగిలిందన్నా. జర చూడు. ఎనుక లచ్చవ్వ ఉన్నది, దమ్ము పేషెంటు. జగిత్యాల దవాఖానకు కొంటవోతున్న" అన్నాడు గంగాధర్.

వెనక తలుపు తీశాను. బీడీలు చేసే లచ్చవ్వ కూతురి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. పెదవులు వింతగా ఎర్రగా ఉన్నాయి. హ్యాంగర్‌లో పాఠంగా మాత్రమే విన్న ఎరుపు అది. బండ తగిలి మఫ్లర్ పగిలిందని, ఆ పొగ నా పైపులోంచే వెనక సీట్లకు వచ్చిందని అర్థమైంది. కూతురు జమున వాంతి చేసుకుని, కళ్లు తెరవలేకపోతోంది.

"టైర్ల పొగకు తలకాయ పలుగుతున్నదన్నా. అవ్వ ఇప్పుడే నిద్రవోయింది" అంది.

తలెత్తి చూశాను. వెంట్‌లో పాత తువ్వాల కుక్కి, పైన టేపు అతికించి ఉంది.

"దారి పొడుగూత టైర్లు కాలవెట్టిండ్రు. పొగ లోపటికి రావద్దని నేనే మూసిన" అన్నాడు గంగాధర్.

వాడికేమీ కాలేదు. వాడి సీటుకూ వెనక సీట్లకూ మధ్య రేకు అడ్డం ఉంది. పైగా రోడ్డు ఆపిన ప్రతిచోటా అద్దం దించి "జై తెలంగాణ! దవాఖాన బండి!" అని అరవాలి కాబట్టి, దించిన అద్దం మళ్లీ ఎత్తలేదు.

ఇద్దరినీ బయటికి లాగాం. లచ్చవ్వలో ఊపిరి లేదు. ఇద్దరినీ దగ్గర్లోని ఆసుపత్రికి మోసుకెళ్లి, "టైర్ల పొగ కాదు సార్, కార్బన్ మోనాక్సైడ్. హీటర్ పెట్టింది నేనే" అని డాక్టర్‌తో చెప్పాను. జమునకు ఆక్సిజన్ పెట్టారు. ఆమె బతికింది. తల్లి దక్కలేదు.

నెల తర్వాత జమున షెడ్డుకు వచ్చింది.

"అవ్వకు సలి పెడుతున్నదని హీటర్ పెంచుమన్నది నేనే అన్నా. నేనే సంపుకున్ననా?"

"లేదు చెల్లె, తప్పు నాది. మఫ్లర్ పలిగితే దాంట్ల ఇషం వస్తదని నాకు ఎరికే."

"గంగాధర్‌కు చెప్పినవా మరి?"

"చెప్పలే."

"ఒక్క మాటనే గదన్నా" అని వెళ్లిపోయింది.

ఆ హీటర్‌ను నా చేతులతోనే పీకేశాను. ఇప్పుడు బండికి చిన్న తీగ మార్చినా, బండి మనిషిని పక్కన నిలబెట్టుకుని, ఇది చెడిపోతే ఏం జరుగుతుందో ముందే చెప్తాను. కొందరు విసుక్కుంటారు. కొందరు భయపడి, పనే వద్దని వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.