మెంతిపూత వేసిన చాట

మా అమ్మాయి వీడియో గేముల్లో కనిపించే వస్తువులను కంప్యూటర్లో తయారు చేస్తుంది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ, ఇష్టమైన వస్తువు ఒకటి చేసి చూపించమంది. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ వెతుకులాట. ఆమె బీడీలు చుట్టే చాటను ఎంచుకుంది.

చేసే ముందు వస్తువు ఫొటోలు అన్ని వైపుల నుంచీ పోగు చేసుకోవాలట. నెట్‌లో దొరికినవన్నీ దుకాణంలో వేలాడే కొత్త చాటలే. "బాపూ, వాడిన చాట గావాలె. అరిగినకాడ అరిగినట్టు కనవడాలె," అంది. ఎల్లారెడ్డిలో ఉండే మా పెద్దమ్మ పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుడుతోంది. ఆదివారం వచ్చి చాట ఫొటోలు తీసుకుంటానని అమ్మాయి ఆమెకు ముందుగానే ఫోన్ చేసింది.

కామారెడ్డిలో బస్సెక్కాం. తాడ్వాయి దాటేవరకూ వెలుతురు గురించే చెప్పింది. ఎండ నేరుగా పడకూడదు, పక్కన స్కేలు పెట్టాలి. పత్రికలో ఇన్నేళ్లు ఫొటోగ్రాఫర్లతో తిరిగాను గానీ, మనిషి లేని ఫొటోకు ఇంత తయారీ చూడలేదు.

పెద్దమ్మ చాట పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది. మెంతులు, పాత కాగితాలు నానబెట్టి రుబ్బి, రెండు వైపులా మందంగా పూసి ఆరబెట్టింది. మరక లేదు, అరుగుదల లేదు. వెదురు అల్లిక కూడా ఆ పూత కిందికి పోయింది.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అవ్వా, గిట్లెందుకు జేసినవ్? నాకు పాతగున్నదే గావాలె."

"ఫొటో తీస్తనంటివి గద బిడ్డా. పెండ్లిచూపులకు మాసిన చీర గట్టుకొని కూసుంటవా?"

"చీర వేరు, చాట వేరు గదనే."

"నీకు వేరే. లోకమంత చూసేదానికి మురికిది వెడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

అమ్మాయి తన ఫోన్‌లో తాను ఇదివరకు చేసిన బకెట్ చూపించింది. అడుగున తుప్పు, అంచున సొట్ట. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ తుప్పు నువ్వే వెట్టినవా?"

"నేనే. బకెట్ కంటె తుప్పుకే ఎక్కువ తిప్పలైంది."

"మంచి బకెట్‌కు తుప్పు వెడితే జీతమిస్తరా? నేనట్ల జేస్తే మీ తాత ఇంట్లకెల్లి ఎల్లగొట్టెటోడు."

నవ్వుకుంటూనే పెరట్లోకి వెళ్లి, కోళ్ల గంప మీద మూతగా వేసిన పాత చాట తెచ్చింది. "ఇది జూపిస్తె కొలువొస్తదా?"

"రావచ్చవ్వా."

"అయితె తీస్కో. ఫొటోల ఇల్లు మాత్రం పడనియ్యకు, ఇంక ఊడ్వలే."

తంబాకు మరకలు, కత్తెర గీతలు, వెనకవైపు అతుకు, అన్నీ తీసుకుంది. ఒక అంచు ఎందుకు వంగిందో అర్థం కాక, పెద్దమ్మను అది ఒళ్లో పెట్టుకుని కూర్చోమంది. ఆ వంపు పెద్దమ్మ మోకాలి మీద సరిగ్గా కూర్చుంది.

ఉద్యోగం వచ్చింది. చాటను గేములో పెడుతున్నారు కూడా. అమ్మాయి మొదటి ఫోన్ ఎల్లారెడ్డికే చేసింది. పక్కనే ఉండి విన్నాను.

"గేముల దానిమీద బీడీలు ఎవ్వలు చుడుతరు?"

"ఎవ్వలు చుట్టరవ్వా. ఓ ఇంట్ల మూలకు ఉంటది. కొట్లాడేటోళ్లు పక్కకెంచి ఉరుకుతరు."



"తొక్కరు గద?"

"తొక్కరు. కాలు వడకుంట గోడకు నిలవెట్టిన."