బారిడీహ్ బస్సులో హండియా

మినీబస్సు కనిపెట్టినవాడికి మోకాళ్లు ఉండి ఉండవు. డెబ్బైల చివర్లో, ఉత్తరాదిన ఓ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బారిడీహ్ పేటకు వెళ్లే అలాంటి బస్సొకదానిలో నేను ముడుచుకుని కూర్చుంటే, నా చేతిలోని తెలుగు వారపత్రిక చూసి పక్కనున్న ముసలాయన పలకరించాడు. ఆయన ఒళ్లో హండియా సీసా ఉంది. అక్కడి ఆదివాసీ స్త్రీలు అన్నం పులియబెట్టి చేసే బీరు అది.

"మా నేస్తానికి వాసన సూపిద్దామని తీసుకెల్తన్నాను బాబూ. ఆదివారం సంతలో ఇద్దరం కుండ కుండా రుచి సూసి ఏది బాగున్నాదోనని కొట్లాడుకునీవోలం. ఇప్పుడాడు ఆఖరికొచ్చీసినాడు. తాగుడు బందు. వారం వారం నాను తాగెల్లి రుచి సెప్తే ఇంటాడు. మొన్న బుఖారొచ్చి ఒల్లు కాలిపోయి నా నాలిక సచ్చిపోనాది. కూసింత నువ్వు తాగి, ఎలాగున్నాదో సెప్పు. అదే ఆడికి సెప్తాను."

నా అరచేతిలో పోశాడు. తాగాను. నాలుక మీద ఏవేవో జరిగాయి. వాటికి తగిన మాటలు ఇప్పటికీ వెతుకుతున్నాను. అప్పుడు మాత్రం, ఎమ్మే చదివినవాణ్ణి కనుక, "చాలా బాగుందండీ" అన్నాను.

ఆయన సీసా మూతికి గుడ్డ బిగించాడు.

"పోయేవోడికి అందరూ బాగుందనే సెప్తారు బాబూ."