బావి దగ్గర స్త్రీకి ఎవరి ముఖం

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు, ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తుంటే, కారు వెనక సీట్లోంచి అంది: "జీసస్ టైంలో బ్రౌన్ పీపుల్ లేరు మమ్మీ. వాళ్ళు స్లైడ్స్‌లోనే ఉంటారు."

డెబ్బైల చివరి సంవత్సరాలు. డెట్రాయిట్ శివార్లలో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. సండే స్కూలు గది గోడల మీద ఆ చర్చివాళ్ళ పటాలే ఉండేవి. ప్రవక్తలకు బంగారు రంగు జుట్టు, జాలరులకు గులాబి బుగ్గలు, ప్రభువుకు నీలికళ్ళు. ఏడాదికోసారి వాళ్ళ మిషనరీలు వచ్చి తెర మీద స్లైడ్లు వేసేవారు. వాటిలో మాత్రం మావాళ్ళు కనిపించేవారు, చెప్పుల్లేని కాళ్ళతో, బియ్యం కోసం వరసలో.

మా ఆయన డ్రైవ్ చేస్తూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పిల్ల తాను చూసిందే చెప్పింది. మా తాతల కాలం నుంచి ప్రభువును నమ్ముకున్న ఇంట్లో పుట్టి, ఆయన కథలో తనలాంటివాళ్ళు లేరని అనుకుంటోంది. ఆ గోడ మీద మన ముఖాలు పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

నేను ఆసుపత్రిలో నర్సును. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. అలాంటిదానికి కుదిరే చదువు ఎక్కడుంటుంది? దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక బొమ్మల క్లాసు ఉందని తెలిసింది. ఎవరైనా చేరవచ్చు, పరీక్షలుండవు, వీలైన వారం వచ్చి వీలుకాని వారం మానుకోవచ్చు. డ్యూటీ తెల్లబట్టల మీదే వెళ్ళి బొగ్గుకడ్డీ పట్టుకున్నాను. నా పక్కన కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన ఒకాయన తన కుక్కను తప్ప ఇంకేమీ గీసేవాడు కాదు. టీచరు పొట్టి జుట్టు అమెరికన్ మనిషి. నా కాగితం మీద వేలు పెట్టి, నువ్వు కన్ను ఎలా ఉంటుందని అనుకుంటున్నావో అది గీస్తున్నావు, ఎదురుగా ఉన్న మనిషి కన్ను గీయడం లేదు అంది. ఆ ముక్క తలకెక్కడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది.

చేయి కాస్త కుదిరాక సంఘంలో వాళ్ళనే కూర్చోబెట్టి గీయడం మొదలుపెట్టాను. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకునే కూర్చునేవారు. చూపు పొందిన గుడ్డివాడికి మా లెక్కల ప్రొఫెసరు గారి ముఖం. ఐదు రొట్టెలు తెచ్చిన కుర్రవాడికి డాక్టరు గారి చిన్నబ్బాయి ముఖం. బావి దగ్గర స్త్రీకి మా అక్క.

అక్క అంటే తోడబుట్టింది కాదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. మంచు తుఫానులో మా ఆయన ఆఫీసులో చిక్కుకుపోతే నన్ను పురుటికి తీసుకెళ్ళిందీ ఆవిడే. మొదటి భర్త ఇండియాలోనే చిన్నవయసులో పోయాడు. ఇక్కడికొచ్చాక భార్య పోయిన ఒక ఇంజనీరును చేసుకుంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆ కథ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మిట్టమధ్యాహ్నం బావికి వచ్చిన ఒక పరాయి జాతి స్త్రీని ప్రభువు నీళ్ళడిగాడు. ఆమెకు ఐదుగురు భర్తలు ఉండేవారని ఆమెకే చెప్పాడు. ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తి అందరికీ ఆయన సంగతి చెప్పింది. స్త్రీల కూడికలో ఈ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో. పన్నెండుగురు శిష్యుల్లో ఎవరూ చేయకముందే ఒక ఊరినంతా ఆయన దగ్గరికి నడిపించింది ఆమే. వాక్యం వినేటప్పుడు అక్క కనుబొమలు పైకి లేచి, పెదవులు కొంచెం తెరుచుకుంటాయి. ఆ స్త్రీ అలాగే విని ఉంటుందని నాకు అనిపించేది.

ముందే చెప్పి కూర్చోబెట్టాను.

"బావి దగ్గరామెనా? నాకు కుండ మోయడం రాదే. పక్కన డిష్‌వాషర్ గీయి," అని నవ్వి కూర్చుంది.

పటాలు గోడకెక్కిన ఆదివారం పిల్లలు "అంకుల్! అంకుల్!" అని గంతులేశారు. మా అమ్మాయి బావి పటం ముందు చాలాసేపు నిలబడింది. "మమ్మీ, ఆంటీ జీసస్‌తో మాట్లాడిందా?" అంది. అవునన్నాను. నేను కోరుకున్నది అంతే.

అరగంటైనా కాలేదు. టీ కప్పులు పట్టుకుని పెద్దవాళ్ళు లోపలికొచ్చారు. సంఘపెద్ద గారి భార్య పటం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఐదుగురు కావాలి కదా సిస్టర్. మనావిడకు ఇప్పటికి ఇద్దరేగా!"

"తొందరెందుకండీ, వయసుంది," అంది ఇంకొకావిడ.

గది నిండా నవ్వు. అక్క గుమ్మంలో ఉంది, చేతిలో పెరుగన్నం గిన్నెతో. గిన్నె బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచారు. "మీ తలాంతు దేవుడిచ్చిందే సిస్టర్, కాదనను. కానీ ముఖాలు ఎవరినీ పోలకుండా వేయండి."

"ఎవరినీ పోలని ముఖం ఉంటుందా అయ్యగారూ?"

"ఇంతకుముందున్న పటాలు లేవూ? వాటిని చూసి ఎవరైనా ఎవరినైనా ఒక్క మాటన్నారా?"

నవ్వినవాళ్ళను మాత్రం ఆయన ఏమీ అనలేదు. బావి పటం నేనే తీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ శనివారం అక్క వచ్చింది. వాళ్ళాయన కార్లోనే కూర్చున్నారు.

"కత్తెర ఇవ్వవే."

"కాఫీ పెడతానక్కా, ముందు కూర్చో."

"కత్తెర."

వంటింటి బల్ల మీద పటం పరిచి, జాకెట్టు గుడ్డ కత్తిరించినంత జాగ్రత్తగా ముఖం చుట్టూ కత్తిరించింది.

"నా ముఖం నాది. మిగతాది నువ్వుంచుకో."

"నిన్ను తక్కువ చేద్దామని కాదక్కా. ఆమె ఎంత గొప్పదో..."

"నీకు తెలుసు. నాకూ తెలుసు. వాళ్ళకు తెలియదు. ఆదివారం ఆదివారం వాళ్ళ పక్కన కూర్చోవాల్సింది నేను."

ముఖాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకు వాళ్ళు వేరే సంఘంలో చేరారు. ఫోన్ చేస్తే వాళ్ళాయన తీసి, పడుకుందనేవారు.

మిగిలిన పటాలు కూడా ఒక్కొక్కటే దిగిపోయాయి. పాతవి మళ్ళీ ఎక్కాయి. నేను క్లాసు మానలేదు. మనుషుల్ని గీయడం మానేసి సీసాలు, కూజాలు గీశాను. టీచరు ఎందుకని అడిగితే సీసాలకు చుట్టాలుండరు అన్నాను. సరదాకి అన్నాననుకుని నవ్వింది. నేను వేసిన పూలకూజాను సంఘంవాళ్ళు ఫ్రేము కట్టించి భోజనాల హాల్లో పెట్టారు. "ఎంత శాంతిగా ఉంది సిస్టర్," అంది ఆ సంఘపెద్ద గారి భార్యే. ఆమెను క్షమించాను. ప్రభువు క్షమించమన్నాడు గనుక క్షమించాను. ఇప్పటికీ ప్రార్థనలో ఆమె పేరు దగ్గరికొచ్చేసరికి గబగబా తర్వాతి పేరుకు వెళ్ళిపోతాను.

పద్నాలుగేళ్ళకు మా అమ్మాయి బాప్తిస్మం తీసుకుంది. నీళ్ళలోకి దిగేముందు ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పింది. ముసలివాళ్ళ కోసం సంఘపెద్దే ఒక్కో మాటా తెలుగులో చెప్పారు. "నేను చాలా భయపడ్డాను. కళ్ళు మూసుకుని ప్రార్థించాను. అప్పుడు యేసుప్రభువు నాకు కనిపించారు. ఆయన నీలికళ్ళతో నన్నే చూశారు."

సంఘమంతా ఆమెన్ అంది. తువ్వాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ నేను కూడా అన్నాను. నా బిడ్డ తన్ను తాను ప్రభువుకు అప్పగించుకున్న రోజది. అనకుండా ఎలా ఉంటాను?